ఆకాశం కనబడని చోట అడుగుల లెక్క

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి పంపవలసిందని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాయగల పెద్దలు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. నేను ఏజెన్సీలో సర్వే కాగితాల మధ్య ఉద్యోగం వెళ్లదీసిన గుమాస్తాను. నాకు కాస్తో కూస్తో తెలిసింది కొలతల చరిత్ర. అందులోనూ ఒక చిన్న పాయ మాత్రమే ఇక్కడ మనవి చేస్తాను. పైన ఆకాశం కనబడని చోట నడుస్తున్న మనిషి ఎక్కడ ఉన్నాడో ఎలా తెలుసుకోవడం అన్నదే ఆ సంగతి.

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూలు పోయే రైలు మన సభ్యుల్లో ఎక్కనివారు అరుదు. ఈసారి ఎక్కినప్పుడు మనవడి చేతిలోని ఫోనులో మ్యాపు తెరిపించి చూడండి. శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కేవరకు నీలం చుక్క రైలుతో పాటే కదులుతుంది. రైలు సొరంగంలో దూరగానే ఆ చుక్క ఉన్నచోటే నిలిచిపోతుంది, లేదా తోచిన దిక్కుకు పోతుంది. బయటపడ్డాక ఒక్క గెంతుతో మళ్లీ పట్టాల మీదికి వస్తుంది. కొత్తవలస–కిరండూలు మార్గంలో ఇటువంటి సొరంగాలు 58 ఉన్నాయి. బొర్రా గుహల్లోకి దిగినా ఇదే తంతు. ఫోనుకు చోటు చెప్పే ఉపగ్రహాలు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి వచ్చే సంకేతం మనదాకా చేరేసరికి చాలా బలహీనపడుతుంది. కొండరాయిని గానీ, అంతస్తు మీద అంతస్తు వేసిన కాంక్రీటును గానీ అది దాటి రాలేదు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరాలు వాడారు. వాటికి కూడా తలపైన ఆకాశం తెరిచి ఉండాలి. దట్టమైన చెట్టు కింద అవి తడబడతాయి.

మరి కప్పు కింద ఏం చేయాలి? ఇప్పటి ఇంజనీర్లు ఎంతో ఆలోచించి చివరికి చేరుకున్న మార్గం మన పూర్వులు ఎరిగినదే. అడుగులు లెక్కపెట్టాలి, దిక్కు గుర్తుపెట్టుకోవాలి.

అలెగ్జాండరు సైన్యంతో పాటు అడుగులు లెక్కపెట్టడమే పనిగా ఉన్న మనుషులు నడిచేవారు. రోమనులకు కుడికాలు మోపిన చోటి నుంచి మళ్లీ కుడికాలు మోపే చోటి వరకు ఒక లెక్క. అటువంటివి వెయ్యి అయితే ఒక మైలు. మైలు అన్న మాటే ఆ వెయ్యి నుంచి వచ్చింది. మన వాళ్లకు కూతవేటు దూరం, కోసు, ఆమడ ఉండేవి. మన్యంలో ఊరు ఎంత దూరం అని అడిగితే నా ఉద్యోగ కాలంలో కూడా ఎవరూ మైళ్లలో చెప్పేవారు కాదు. పొద్దు ఎక్కడికి వచ్చేసరికి చేరతామో చెయ్యెత్తి చూపించేవారు. ఎక్కుడు, దిగుడు, మధ్యలో గెడ్డ దాటడం అన్నీ అందులో కలిసే ఉండేవి. మా సర్వేయర్ల మైళ్ల కన్నా కాలినడకన పోయేవాడికి ఆ లెక్కే ఎక్కువ పనికి వచ్చేదని నా అభిప్రాయం.

కుంఫిణీ వారు మద్రాసులో 1794లో సర్వే బడి పెట్టారు. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు వద్ద మొదటి ఆధారరేఖ కొలిపించాడు. అక్కడి నుంచి త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ దేశమంతా కొలవడం మొదలైంది. లాంబ్టన్ దగ్గర సహాయకుడుగా చేరిన ఎవరెస్టు దొర కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో మన్యపు జ్వరం పడి, ప్రాణం నిలుపుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికా వెళ్లవలసి వచ్చింది. ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి ఆయన పేరు పెట్టారని అందరికీ తెలుసు. ఆ పేరు గల మనిషిని మన తెలుగు దోమ కుట్టి మంచాన పడేసిందని కొద్దిమందికే తెలుసు. ఆ తరువాత 1862–63లో మన విశాఖపట్నంలో కూడా ఒక ఆధారరేఖ కొలిచారు. యావద్దేశంలో అటువంటివి పది మాత్రమే.

త్రిభుజాల పద్ధతికి ఒక చిక్కు ఉంది. ఈ కొన నుంచి ఆ కొన కంటికి కనబడాలి. కొండ శిఖరాల మధ్య అది బాగానే సాగుతుంది. లోయలో, అడవిలో, ఇంటి లోపల సాగదు. అక్కడ దారి వెంబడి నడుస్తూ కొలుచుకుపోవడం ఒక్కటే దారి. చక్రం దొర్లించుకుంటూ పోతే అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క చూపే పెరాంబులేటరు అనే సాధనం ఉండేది. చక్రం పోలేని చోట మనిషి కాలే చక్రం.

ఈ విద్యలో అగ్రగణ్యుడు నయన్ సింగ్ రావత్. కుమావూ కొండల బడిపంతులు. టిబెట్టులో తెల్లవారికి ప్రవేశం లేదు గనుక మాంట్‌గోమరీ అనే అధికారి ఈయనను డెహరాడూనులో తర్ఫీదు ఇప్పించి, వర్తకుడి వేషంలో పంపాడు. ఎక్కుడైనా దిగుడైనా మైలుకు రెండు వేల అడుగులు పడేటట్టు కాలు సరిచేసుకోవడం ఆ తర్ఫీదులో ముఖ్యమైన భాగం. చేతిలో జపమాల. మాలలో 108 పూసలు ఉండవలసిన చోట 100 మాత్రమే ఉంచారు. నూరు అడుగులకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు తిరిగితే పది వేల అడుగులు, అంటే ఐదు మైళ్లు. రాసుకున్న కాగితాలు ప్రార్థన చక్రం లోపల దాచేవాడు. నీరు ఎంత వేడిమికి మరుగుతుందో చూసి ఎత్తు కట్టేవాడు. (అరకు ఎత్తున నీరు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. కొండ మీద పప్పు తొందరగా ఉడకదని మన ఆడవాళ్లు చెప్పేది ఇందువల్లనే.) 1865లో బయలుదేరి 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ ప్రయాణం మొత్తం సుమారు 1,200 మైళ్లు. అడుగులు పాతిక లక్షలకు దగ్గరగా. 1877లో లండనులోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ వారు ఆయనకు బంగారు పతకం ఇచ్చారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పూసల లెక్కలో తప్పు వస్తే అది దూరంలోనే వస్తుంది. దిక్కులో తప్పు వస్తే మాత్రం నడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. ఒక్క డిగ్రీ తప్పు దిక్కున కిలోమీటరు నడిస్తే చేరవలసిన చోటికి పదిహేడున్నర మీటర్లు పక్కకు పోతాము. అందుకనే నయన్ సింగు దగ్గర మాలతో పాటు దిక్సూచి ఉంది. రాత్రిపూట నక్షత్రాల ఎత్తు చూసి తన లెక్కను మధ్యమధ్య సరిదిద్దుకునేవాడు.

మన శాఖలో పనిచేసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. గొలుసు 66 అడుగులు, లింకులు 100. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మైదానంలో గొలుసు లాగడం తేలిక. ఏజెన్సీలో ముప్పై డిగ్రీల వాలు మీద నూరు లింకులు లాగితే పటంలో నిలిచేది ఎనభై ఆరున్నర. అందుచేత గొలుసును కొద్దికొద్దిగా అడ్డంగా ఎత్తిపట్టి, తూకం గుండు వేలాడదీసి, మెట్లుమెట్లుగా దిగేవారు. వాన పడితే గుండు ఊగుతుంది, జలగలు పట్టుకుంటాయి, సర్వేయరు విసుక్కుంటాడు. చైన్‌మన్ మాత్రం మాట్లాడకుండా మేకు పాతి పక్క మెట్టుకు పోయేవాడు. మాకు వచ్చిన క్షేత్ర కొలతల పుస్తకాల్లో ఆ చైన్‌మన్ పేరు ఎక్కడా ఉండదు.

పని పూర్తయిందని తెలిసేది ఎప్పుడంటే, చుట్టూ తిరిగి మొదలుపెట్టిన రాయి దగ్గరికే వచ్చినప్పుడు. కాగితం మీద గీసిన గీత కూడా ఆ రాయి దగ్గరికే రావాలి. ఎప్పుడూ రాదు. నాలుగు లింకులో ఆరు లింకులో తేడా ఉంటుంది. హద్దులోపు ఉంటే ఆ తేడాను అన్ని గీతలకూ పంచేస్తారు. హద్దు దాటితే మళ్లీ కొలవాలి. చుట్టు మూయకుండా తెచ్చిన కొలత ఎంత చక్కగా కనబడినా దాన్ని నమ్మరు.

సొరంగం తవ్వేవాడికి ఈ సౌకర్యం కూడా లేదు. కొత్తవలస–కిరండూలు లైను 1960లలో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం దాని ప్రధాన ఉద్దేశం. లైను శిమిలిగూడ వద్ద సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. పొడవైన సొరంగాన్ని రెండు వైపుల నుంచి తవ్వుకు వస్తే రెండు జట్లూ కొండ కడుపులో కలవాలి. లోపల నక్షత్రం లేదు, శిఖరం లేదు. బయట కొండ మీద కొలిచిన దిక్కును నోటి దగ్గర పట్టుకుని, ఒక్కొక్క మజిలీలో పరికరం నిలిపి, వెనక్కి చూసి, ముందుకు చూసి, దిక్కును లోపలికి మోసుకుపోవాలి. నిలవడం, చూసుకోవడం, కదలడం. ఇందులో నిలవడమే ముఖ్యమన్న సంగతి తరువాత చెప్పబోయే దానికి అవసరం.

ఇక ఫోను సంగతి. దాని లోపల ఇసుకరేణువుల ప్రమాణంలో సిలికానుతో చెక్కిన చిన్న బరువులు, స్ప్రింగుల మీద నిలబెట్టి ఉంటాయి. బస్సు బయలుదేరినప్పుడు మనం వెనక్కి తూలినట్టే ఫోను కదిలినప్పుడు ఆ బరువు తూలుతుంది. ఎంత తూలిందో కొలిస్తే ఎంత వేగం పుంజుకుందో తెలుస్తుంది. దీన్ని యాక్సిలరోమీటరు అంటారు. మలుపు తిరిగితే చెప్పడానికి జైరోస్కోపు, ఉత్తర దిక్కుకు చిన్న దిక్సూచి ఉంటాయి. కొన్ని ఫోన్లలో గాలి ఒత్తిడి కొలిచే సాధనం కూడా ఉంది. ఒక అంతస్తు ఎక్కితే తగ్గే ఒత్తిడిని సైతం అది పసిగడుతుంది. నయన్ సింగు మరిగే నీటితో చేసిన పని కూడా అదే.

మనిషి నడిచినప్పుడు ఈ బరువు అడుగడుగుకూ ఒక లయలో పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపులు లెక్కపెడితే అడుగుల సంఖ్య. అడుగు పొడవు మనిషి ఎత్తులో నూటికి నలభై ఒక వంతు అని ఒక మోటు లెక్క. నడక వేగాన్ని బట్టి దాన్ని కొంచెం అటూ ఇటూ సవరిస్తారు. ఫోను చేసే పని ఇంతే. కాళ్లు ఈడ్చి నడిచేవారికి, చేతికర్ర ఊతంగా నడిచేవారికి ఆ ఊపు సరిగా రాదు గనుక లెక్క తగ్గిపోతుంది. మన వయసువారు ఫోను చూపే అంకెను నమ్ముకుని దిగులు పడనక్కరలేదు.

అడుగులు లెక్కపెట్టే బదులు ఆ బరువు తూలిన తీరు నుంచే దూరం నేరుగా కట్టవచ్చు కదా అని అడగవచ్చు. కట్టవచ్చు, కాని చిన్న తప్పు కొండంత అవుతుంది. భూమి ఆకర్షణలో వెయ్యో వంతు తప్పు ఉన్న సాధనాన్ని తీసుకోండి. బల్ల మీద కదలకుండా పెట్టినా నిమిషం గడిచేసరికి పద్దెనిమిది మీటర్లు పోయానంటుంది. పది నిమిషాలకు సుమారు కిలోమీటరు ఎనిమిది వందల మీటర్లు పోయానంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషిని పక్క ఊరికి పంపించేస్తుంది. ఓడల్లో, విమానాల్లో వాడే సాధనాలు చాలా ఖరీదైనవి గనుక ఈ తప్పు తక్కువ. చవక సాధనంతో ఏం చేయాలి?

దీనికి దొరికిన ఉపాయం నాకు ఎంతో ముచ్చటగా తోచింది. సాధనాన్ని జేబులో కాక చెప్పు మడమలో పెట్టారు. నడిచేటప్పుడు ఒక కాలు గాలిలో ఉంటే రెండోది నేల మీద ఉంటుంది. నేలకు ఆనిన పాదం ప్రతి అడుగులోనూ ఒక సెకనులో కొద్ది వంతు పూర్తిగా కదలకుండా నిలుస్తుంది. ఆ క్షణంలో దాని వేగం సున్న. సాధనం మాత్రం నేను ఇంకా కదులుతున్నానంటుంది. అది చెప్పేదంతా పేరుకున్న తప్పే గనుక, ఆ తప్పును అక్కడికక్కడే తీసివేసి తరువాతి అడుగు కొత్తగా మొదలుపెట్టవచ్చు. సొరంగం సర్వేయరు మజిలీ మజిలీకీ నిలిచి చూసుకున్నట్టే పాదం అడుగడుగుకూ నిలిచి చూసుకుంటుంది. నిమిషానికి పద్దెనిమిది మీటర్లు తప్పే సాధనం ఈ విధంగా నూరు మీటర్ల నడకకు సుమారు ఒక మీటరు తేడాలోపు నిలుస్తుంది. అమెరికాలో ఎరిక్ ఫాక్స్‌లిన్ 2005లో ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చింది.

ఇందులో మనకు సంబంధించిన మాట ఒకటి ఉంది. స్టాక్‌హోమ్‌లోని కె.టి.హెచ్. అనే సాంకేతిక విశ్వవిద్యాలయం వారూ, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు వారూ కలిసి ఈ చెప్పు సాధనాన్ని తయారుచేసి, 2012లో దాని నమూనాలు, లెక్కలు అన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్టు బయటపెట్టారు. దాని పేరు ఓపెన్‌షూ. రాసినవారు నీల్సన్, స్కోగ్, హాండెల్ అనే ముగ్గురు స్వీడనువారు, బెంగుళూరు నుంచి ఆచార్య కె.వి.ఎస్. హరి. హరి గారు మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివినవారు. జపమాల కాలం నుంచీ సర్వే విద్య ఒక శాఖ తాళంచెవుల కింద ఉండేది. నయన్ సింగు పేరు కూడా కొంతకాలం రహస్యంగానే ఉంచారు. ఇక్కడ మాత్రం విద్యార్థి ఎవరైనా తెచ్చుకుని తయారుచేసుకోవచ్చు.

దిక్కులో తప్పు మాత్రం పాదం నిలిచినా పూర్తిగా పోదు. నిలిచిన పాదానికి తాను కదలడం లేదని తెలుస్తుంది గాని తాను ఏ దిక్కుకు తిరిగి ఉందో తెలియదు. ఇనుప బీరువాలు, లిఫ్టులు ఉన్న భవనంలో దిక్సూచి కూడా మోసం చేస్తుంది. అందుకు స్వీడను బృందం రెండు కాళ్లకూ రెండు సాధనాలు కట్టింది. ఎడమకాలి సాధనం ఒక పక్కకు, కుడికాలిది ఇంకొక పక్కకు తప్పుకుంటూ పోతే కొంతసేపటికి ఎడమకాలు ఒక గదిలోను, కుడికాలు ఇంకొక గదిలోను ఉన్నట్టు కనబడుతుంది. ఒకే మనిషి రెండు కాళ్లు అంత దూరం పోవు కదా. ఆ ఒక్క నిజాన్ని లెక్కలో పెడితే తప్పు చాలావరకు తగ్గింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 2008లో భవనం పటాన్ని కూడా లెక్కలో చేర్చారు. మనిషి గోడలోంచి నడవలేడు గనుక గోడ దాటిన ఊహలన్నీ కొట్టివేస్తే చివరికి మిగిలేది సరైన దారి. హద్దురాయి చూసి గొలుసు కొలత సరిచేసిన మనవాళ్లకు ఇది కొత్త కాదు.

ఇంత శ్రమ ఎందుకు అనిపించవచ్చు. 1999 డిసెంబరు 3న అమెరికాలో వుస్టరు అనే ఊళ్లో ఒక పాత శీతల గిడ్డంగి అంటుకుంది. లోపల ఇల్లూ వాకిలీ లేనివాళ్లు ఎవరో ఉండవచ్చునని ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది వెతకడానికి వెళ్లారు. కిటికీలు లేని భవనం. పొగలో దారి తప్పారు. వారిని వెతకడానికి వెళ్లినవారిలో నలుగురు కూడా తిరిగి రాలేదు. మొత్తం ఆరుగురు పోయారు. లోపల ఉన్న మనిషి ఏ అంతస్తులో ఏ మూల ఉన్నాడో బయట నిలబడ్డ అధికారికి తెలియాలన్న పరిశోధన ఆ ఊరి సాంకేతిక విద్యాలయంలోనే ఆ తరువాత పెద్ద ఎత్తున మొదలైంది. ఓపెన్‌షూ వంటి సాధనాలకు కూడా అగ్నిమాపక సిబ్బందే మొదటి లక్ష్యం.

మన తెలుగునాట 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కప్పు కూలింది. నోటి నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నీరు, బురద, యంత్రం ముక్కలు అడ్డం. కేరళ నుంచి శునకాలను తెచ్చారు, భూమిలోకి చూసే రాడార్లు తెచ్చారు. మార్చి నెలాఖరుకు రెండు మృతదేహాలు మాత్రమే దొరికాయి. కాలికి సాధనం ఉన్నంత మాత్రాన వారు బతికేవారని నేను అనను. బురదలో కూరుకుపోయిన సాధనం తన మాట పైకి పంపలేదు. అయితే ఆఖరు క్షణం వరకు ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న నమోదు నోటి దగ్గర ఉంటే, ఎక్కడ తవ్వాలన్న ప్రశ్నకు కొంతైనా జవాబు దొరికేది. సొరంగంలోకి పోయే కూలీ పేరు హాజరు పుస్తకంలో రాస్తారు. అతడు ఎక్కడ ఉన్నాడో కూడా రాయించే ఏర్పాటు ఖరీదైనదేమీ కాదు.

ఇక రెండో వైపు. కొలిచేవాడు ఒకడు, కొలవబడేవాడు ఇంకొకడు అయినప్పుడు తగవు వస్తుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన కొండల్లో గీతలు గీశారు. గీతకు ఇవతల పోడు కొట్టుకోవచ్చు, అవతల నేరం. గీత గీసిన కాగితం కచేరీలో ఉంది. ఆ గీత మీద తరతరాలుగా నడిచినవాడి చేతిలో ఏ కాగితమూ లేదు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు దళం కోసం మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సువారు ఇవే కొండల్లో పటాలు పట్టుకుని తిరిగారు. దళం నడిచే బాటలు పటంలో ఉన్న బాటల కన్నా చాలా ఎక్కువ. నడక అన్నది ఎప్పుడూ పూర్తిగా పటానికి చిక్కలేదు. మనలో పలువురికి గుర్తున్న 1969, 1970 నాటి రెగ్యులేషన్ల కింద ముఠాదారీ రద్దయి రైతువారీ పట్టాల పని మొదలైనప్పుడు, కొలతలో నిలబడి ఇది నాది అని చెప్పుకునే అవకాశం కొండ రైతుకు దొరికింది. పట్టా కోసం వచ్చిన ఒక వృద్ధుడు పటం చూపితే చాలాసేపు చూసి, తన చెలమ ఇందులో ఎక్కడుందని అడిగాడు. చెలమకు మా పుస్తకంలో గుర్తు లేదు. సర్వేయరు వెళ్లి చూసి వచ్చి చిన్న సున్న చుట్టాక గాని అతడు వేలిముద్ర వేయలేదు. అతడు చేసింది సబబేనని నాకు అప్పుడూ ఇప్పుడూ అనిపిస్తుంది.

ఈ మాట ఎందుకు తెచ్చానంటే, ఇప్పుడు కొలవబడేది మనమే. పిల్లలు దూర దేశాల్లో ఉంటున్నారు. అమ్మ రాత్రి లేచిందా, నాన్న స్నానాలగదిలో పడిపోలేదు కదా అని తెలుసుకోవడానికి ఇళ్లలో సాధనాలు పెట్టిస్తున్నారు. ఒక రకం గోడ మీద ఉంటుంది. ఒంటి వేడి కదలికను బట్టి గదిలో మనిషి ఉన్నట్టు గ్రహిస్తుంది. ఆఫీసు వరండాల్లో మనిషి రాగానే వెలిగే దీపాల్లో ఉండేది ఇదే. ఆ గదిలోకి వచ్చిన చుట్టాన్ని, పనిమనిషిని, అందరినీ అది నమోదు చేస్తుంది. రెండో రకం చేతికో నడుముకో కాలికో కట్టుకునేది. అది మనిషితో పాటే పోతుంది, తీసి పెట్టాలనుకుంటే తీసి పెట్టవచ్చు. మతిమరుపు జబ్బు వచ్చి ఇంట్లోనే దారి తప్పేవారికి, ఒంటరిగా ఉండి పడిపోయే భయం ఉన్నవారికి ఈ రెండూ మేలు చేస్తాయి. అందులో నాకు సందేహం లేదు. పెట్టించేముందు మాత్రం పెద్దవారిని కూర్చోబెట్టి, ఏమి నమోదవుతుంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది చెప్పాలి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమాచారం సేకరించే సంస్థలు ఆ మనిషి సమ్మతి తీసుకోవాలనే చెబుతుంది. సమ్మతి కాగితం ఇంగ్లీషులో ఇచ్చి వేలు పెట్టి నొక్కమంటే అది సమ్మతి కిందకు రాదని, చెలమ గుర్తు పడేదాకా వేలిముద్ర వేయనని కూర్చున్న ఆ రైతును చూసిన నేను అనుకుంటాను.

పది వేల అడుగుల సంగతి చెప్పి ముగిస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లకుండానే మన సభ్యులందరికీ తెలిసిన అంకె ఇది. బైలదిల్లా ఖనిజం కోసం మన కొండల్లో సొరంగాలు తవ్వుతున్న రోజుల్లోనే, ఆ ఖనిజం కొనే జపానులో, 1965లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాంపొకెయి, అంటే పదివేల అడుగుల మీటరు. పేరుకు బాగుందని పెట్టిన అంకె అది. నయన్ సింగు మాల ఒక చుట్టు కూడా అంతే కావడం కాకతాళీయం. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేల పైచిలుకు స్త్రీల నడకను ఇటువంటి సాధనాలతోనే కొలిచి ఫలితాలు ప్రచురించారు. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారి కన్నా 4,400 వేసేవారిలో మరణాలు గణనీయంగా తక్కువ. 7,500 దాటాక అదనపు మేలు ఏమీ కనబడలేదు. అంచేత మోకాళ్ల నొప్పులతో పదివేలు పూర్తిచేయాలని రాత్రిపూట వరండాలో అటూ ఇటూ తిరిగే మిత్రులు ఆ ప్రయాస మానుకోవచ్చు.

మన శాఖలో పెరాంబులేటరు చక్రం చూసినవారు, దాని ఫొటో గానీ పాత గొలుసు గానీ దాచుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి సంఘం కార్యాలయానికి తెలియజేయగలరు. ఏజెన్సీలో గొలుసు మోసిన చైన్‌మన్‌ల పేర్లు ఎవరికైనా జ్ఞాపకం ఉంటే అవి కూడా రాసి పంపగలరు.